తెల్ల తీగను ముందు చూడండి

పెద్దలకు, మిత్రులకు, తెల్లవారకముందే లేచి మనందరి కోసం పులిహోర కలిపి తెచ్చిన తల్లులకు నమస్కారం. డాలస్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇన్ని తెలుగు కుటుంబాలు తమ చిన్న క్యాంపర్లను, అంటే బండి వెనక తగిలించుకునే చక్రాల ఇళ్లను, లాగుకొని ఒకచోటికి రావడం నాకు ఎంతో సంతోషంగా ఉంది. మే నెలాఖరున మెమోరియల్ డే సెలవులకు మనలో చాలామంది బయలుదేరుతున్నారు గనుక, బండికీ క్యాంపరుకూ మధ్య ఉండే వైర్ల గురించి అరగంట మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ప్లగ్గులు, ఫ్యూజులు, బల్బులు, బ్రేకులు అనే వరుసలో కాగితం మీద రాసుకొచ్చాను. అయితే ఆ వరుస కంటే ముందు చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది, అది క్యాంపరు దీపాల నుంచి కరెంటును బండికి తిరిగి తీసుకువెళ్లే తెల్ల తీగ సంగతి.

రెండేళ్ల కిందట అక్టోబరులో మేము టెక్సస్‌లోనే ఉన్న పాలో డ్యూరో కాన్యన్ అనే పెద్ద లోయకు బయలుదేరి 287వ నంబరు హైవే మీద విచిటా ఫాల్స్ దాటి చిల్డ్రెస్ వైపు వెళుతుండగా చీకటి పడింది. హెడ్‌లైట్లు వేసిన కొద్దిసేపటికే వెనక నుంచి ఒక పెద్ద ట్రక్కు పదేపదే లైట్లు కొట్టడంతో రోడ్డు పక్కకు తీసి ఆపాను. నా శ్రీమతి దిగి వెనక్కు వెళ్లి చూసి, దీపాలు నిప్పురవ్వల్లా మసకగా ఉన్నాయని, ఎడమ ఇండికేటరు వేస్తే కుడి వైపు దీపం మిణుకుమంటోందని, బ్రేకు తొక్కితే ఉన్న వెలుగు కూడా పోతోందని చెప్పింది. ఆ ట్రక్కు డ్రైవరు కూడా ఆగి, మా దగ్గరకు వచ్చి, బ్యాటరీ డౌన్ అయినప్పుడు వాడే జంపర్ కేబుల్ ఉందా అని అడిగాడు. ఒక కొసను క్యాంపరు ముందు భాగంలో పెయింటు లేని ఇనుముకు, రెండో కొసను నా పికప్ బండి ఛాసిస్‌కు, అంటే దాని ఇనుప చట్రానికి, తగిలించాడు. అంతే, రెండు దీపాలూ ఎర్రగా, నిండుగా వెలిగాయి. బల్బులకు కరెంటు వస్తూనే ఉందని, తిరిగి వెళ్లడానికే దారి లేదని ఆయన నాకు చెప్పాడు.

ఆ ప్రయాణానికి ముందు రెండు నెలల్లో ఇదే లోపంతో ఒక రిపేరు షాపుకు మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి బల్బులు మార్చారు, రెండోసారి పికప్ వెనక ఉన్న సాకెట్టు మార్చారు, మూడోసారి ఇండికేటర్లను మిణుకుమనిపించే ఫ్లాషర్ రిలే మార్చారు, మూడుసార్లూ డబ్బు తీసుకున్నారు. క్యాంపరు ముందు కడ్డీకి తెల్ల తీగను బిగించిన స్క్రూను మాత్రం ఎవరూ విప్పి చూడలేదు. ఆ రాత్రి టార్చిలైటు వేసి మేము విప్పినప్పుడు, తీగ చివరి రింగు నల్ల పెయింటు మీదనే బిగించి ఉంది, స్క్రూ చుట్టూ తుప్పు, రాగి పోగుల మీద పచ్చగా చిలుము. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది మళ్లీ బిగించడానికి పది నిమిషాలు పట్టింది. ఈ పది నిమిషాల పనిని మూడుసార్లూ వదిలేసినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, ఎందుకంటే ఆ బండిలో నా ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు.

షాపు నుంచి వచ్చిన ప్రతిసారీ ఇంటి దగ్గర అన్నీ వెలిగేవి, దానికి కారణం ఉంది. తెల్ల తీగ పని చేయకపోయినా, క్యాంపరును తగిలించడానికి బండి వెనక ఉండే ఇనుప గుండు, అంటే హిచ్ బాల్, క్యాంపరు ఇనుమును తాకుతున్నంతసేపు కరెంటు ఆ దారిన తిరిగి పోతుంది. బాల్‌కు గ్రీజు పూసినా, గతుకుల్లో అది కదిలినా ఆ దారి తెగిపోతుంది. అప్పుడు కరెంటు ఒక ఫిలమెంటు, అంటే బల్బులో వెలిగే సన్న తీగ, నుంచి వెనుదిరిగి పక్క ఫిలమెంటు గుండా వేరే దీపంలోకి దూరుతుంది. అందుకే ఒక వైపు వేస్తే మరో వైపు మిణుకుమంటుంది. మీకు ఇలాంటి వింత కనిపిస్తే బల్బు కొనడానికి దుకాణానికి వెళ్లకండి, ముందు తెల్ల తీగను చూడండి.

వోల్టులు కొలిచే మల్టీమీటరు ఉన్నవారు కూడా ఒక చోట మోసపోతారు. తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా, దీపం వేయకుండా కొలిస్తే మీటరు నిండు 12 వోల్టులు చూపిస్తుంది. దీపాలు వేసి ఉంచి, మీటరు ఒక కొసను దీపం దగ్గరి తెల్ల తీగకు, రెండో కొసను పికప్ బ్యాటరీ నెగెటివ్‌కు పెట్టి చూడండి. సున్నాకు దగ్గరగా ఉంటే మంచిది, అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టే.

నా కాగితంలో దీని తరువాత రంగుల సంగతి ఉంది, అది త్వరగా చెబుతాను. నాలుగు పిన్నుల చదును ప్లగ్గులో తెలుపు గ్రౌండు, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి, గోధుమ రంగు వెనక దీపాలు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. బండి వైపు ప్లగ్గులో బయటికి కనిపించే ఒక్క పిన్ను గ్రౌండుది, మిగిలిన మూడింటిలో కరెంటు ఉంటుంది గనుక వాటిని రబ్బరు లోపల దాచారు. అయితే ఏడు పిన్నుల గుండ్రటి ప్లగ్గు ఉన్న క్యాంపర్లలో చాలావాటికి వేరే లెక్క ఉంది, అక్కడ ఆకుపచ్చ వెనక దీపాలకు, ఎరుపు ఎడమకు, గోధుమ రంగు కుడికి వాడతారు. రంగు చూసి రంగుకు కలిపినవారు ఎందరో పొరపడ్డారు. కరెంటు ఉంటే వెలిగే చిన్న టెస్ట్ ల్యాంప్‌తో ఏ పిన్ను ఏ పని చేస్తోందో ముందు బండి సాకెట్టు దగ్గరే చూసుకోండి. అక్కడ అన్నీ సరిగ్గా ఉంటే లోపం క్యాంపరుది, లేకపోతే బండిది, ముఖ్యంగా ట్రెయిలరు కోసం వేరుగా ఉండే ఫ్యూజుది.

బ్రేకుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అది వేరే విషయం కాదు. ఏడు పిన్నుల ప్లగ్గులో నీలం తీగ గుండా వెళ్లిన బ్రేకు కరెంటు కూడా అదే తెల్ల తీగ గుండా తిరిగి రావాలి. ఒక్కో చక్రానికి దాదాపు 3 ఆంపియర్లు కావాలి. దీపాలు మసకబారిన క్యాంపరుకు బ్రేకులు కూడా సరిగ్గా పట్టవని మీరు అనుకోవాలి.

ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానో మీకు చెప్పకుండా ఉండలేను. తణుకు దగ్గర మా ఊళ్లో చెరకు నరికే రోజుల్లో రాత్రంతా ట్రాక్టర్లు నడిచేవి, ట్రాలీ వెనక దీపం ఉండేది కాదు. నాకు పదకొండేళ్ల వయసులో మా బాబాయి స్కూటరు మీద వస్తూ అటువంటి ఒక ట్రాలీని వెనక నుంచి గుద్దారు. చెరకు గడలు తప్ప తనకేమీ కనిపించలేదని ఆయన చెప్పేవారు. ఆయన కుడికాలు మోకాలి దగ్గర ఇక వంగలేదు, పొలం గట్టు మీద ఆయన నడక నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. 287వ హైవే పక్కన నిలబడి నా క్యాంపరు దీపాలు చూసినప్పుడు నాకు ఆయనే గుర్తుకు వచ్చారు.

ఫ్యూజుల గురించి రాసుకున్న పుట ఇక చదవను. బయట పార్కింగులో మన బండ్లు ఉన్నాయి, జంపర్ కేబుల్, గరుకు కాగితం, టెస్ట్ ల్యాంప్ నా దగ్గర ఉన్నాయి. ప్రతి బండిలో ఒకరు కూర్చోండి, ఒకరు వెనక నిలబడండి. హెడ్‌లైట్లు వేసి, బ్రేకు తొక్కి, తరువాత ఎడమ, ఆ తరువాత కుడి ఇండికేటరు వేయండి. వెనక ఉన్నవారు చూసింది చూసినట్టు గట్టిగా చెప్పండి. మొదట ఆ చివర ఉన్న తెల్ల క్యాంపరు దగ్గరకు వెళదాం రండి.