డెస్సీ బస్సులో లాలిబెలాకు

శ్రోతలకు నమస్కారం.

తక్కువ డబ్బుతో, భుజాన సంచి వేసుకుని ఇథియోపియా తిరగాలంటే ముందు అక్కడి గడియారం అర్థం కావాలి. వాళ్ల లెక్క పగటికి పొద్దు పొడిచిన దగ్గర్నుంచి, రాత్రికి పొద్దు గూకిన దగ్గర్నుంచి మొదలవుతుంది. మనకు ఉదయం 7 అయితే వాళ్లకు ఒంటిగంట. బస్సు 11 గంటలకు అన్నారంటే తెల్లవారుజామున 5 అన్నమాట. మన పంచాంగంలోనూ ఘడియలు సూర్యోదయం నుంచే కదా, అందుకని తెలుగువాళ్లకు ఇది తొందరగానే ఒంటబడుతుంది. అయినా టికెట్ కొన్న ప్రతిసారీ "మీ టైమా, మా టైమా?" అని అడిగి తీరాలి.

నేను వెళ్లింది 2020లో అక్కడ మొదలైన యుద్ధానికి ముందు. రాజధాని అడిస్ అబాబా నుంచి, రాతి చర్చిలకు పేరున్న లాలిబెలాకు విమానంలో గంట ప్రయాణం. బస్సులో అయితే రెండు రోజులు. అప్పట్లో దూరపు బస్సులు రాత్రిపూట నడిచేవి కావు. చీకటి పడితే దారిలో ఉన్న డెస్సీ అనే ఊళ్లో ఆపేసి, మర్నాడు తెల్లవారకముందే మళ్లీ బయల్దేరేవారు. బస్టాండు గేటు తీయగానే జనమంతా ఒక్కసారి పరుగు. సంచిని బస్సు పైకి ఎక్కించినవాడితో బేరం. లోపల ఊపిరాడదు, కిటికీ కాస్త తెరిస్తే వెనక నుంచి ఎవరో ఒకరు మూసేస్తారు. గాలి తగిలితే జబ్బు చేస్తుందని అక్కడ గట్టి నమ్మకం. ఘాట్ రోడ్డు మలుపుల్లో పక్కవాళ్లకు వాంతులు. నిజంగానే విసుగొస్తుంది.

"ఫరంజీ", అంటే విదేశీయుడా, అని పిలిచి ఎక్కువ ధర చెబుతారని చాలామంది ప్రయాణికులు గొడవపడతారు. నాకా గొడవ న్యాయంగా అనిపించదు. గోల్కొండ కోటలో మనమూ విదేశీయులకు వేరే టికెట్టే పెట్టాం. అక్కడి డబ్బులో పది బిర్‌ల కోసం కూరగాయలమ్మే ఆవిడతో అరగంట వాదించడం పొదుపు కాదు.

ఆ బస్సులో నా పక్కన ఓ పెద్దాయన కూర్చున్నారు. "ఇండియానా?" అని అడిగి, "నాకు లెక్కలు చెప్పింది ఇండియా మాస్టారే" అన్నారు. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో మన దేశం నుంచి ఎందరో టీచర్లు అక్కడి పల్లె బడుల్లో పనిచేశారు. ఆ మాస్టర్ల పుణ్యాన ఈనాటికీ మనకు మర్యాద దక్కుతోంది. మధ్యాహ్నం భోజనానికి ఆపితే ఆయనే నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. ఆ రోజు శుక్రవారం. బుధ, శుక్రవారాల్లో అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. మనలో శాకాహారులకు ఇంతకంటే ఏం కావాలి? "యెత్సోమ్", అంటే ఉపవాసపు భోజనం, అని అడిగితే చాలు, పెద్ద పళ్లెంలో ఇంజెరా పరిచి, దానిమీద పప్పు, శనగపిండితో చేసిన షిరో, ఆకుకూర వడ్డిస్తారు. ఇంజెరా టెఫ్ అనే ధాన్యం పిండిని పులియబెట్టి పోసిన పల్చటి పుల్ల దోసె లాంటిది. కారం మన గుంటూరువాళ్లకు సరిపోతుంది. పెద్దాయన ఓ ముక్క తుంచి, పప్పు అద్ది, చుట్టి నా నోటికే అందించారు. గుర్షా అంటారు దాన్ని. వద్దనకూడదు.

సాయంత్రం డెస్సీలో బస చేసిన చోట ఇంటావిడ పచ్చి కాఫీ గింజలు కడిగి, పెనం మీద వేయించి, ఆ పొగను ఒక్కొక్కరి ముందుకూ తెచ్చి వాసన చూపించింది. తర్వాత రోట్లో దంచి మట్టి కూజాలో కాచింది. మూడు విడతలు తాగాలి, మధ్యలో లేవకూడదు. పొద్దుటి ఒళ్లు నొప్పులన్నీ ఆ గంటన్నరలో మర్చిపోయాను.

లాలిబెలాలో నేలలోకి రాతిని తొలిచి కట్టిన 11 చర్చిలున్నాయి. 1978లోనే యునెస్కో గుర్తింపు వచ్చింది. సెయింట్ జార్జ్ చర్చి దగ్గర నేల మట్టంలో కనిపించేది సిలువ ఆకారంలో ఉన్న పైకప్పు మాత్రమే. లోపలికి వెళ్లాలంటే రాతి కందకంలోకి దిగాలి.

2020 నవంబరు నుంచి రెండేళ్లు, దేశానికి ఉత్తరాన ఉన్న టిగ్రాయ్ ప్రాంతంలో మొదలైన యుద్ధం సాగింది. 2023లో లాలిబెలా ఉన్న అమ్హారా ప్రాంతంలో మరో పోరు మొదలైంది. కాబట్టి ఈ దారిన ఇప్పుడే వెళ్లమని నేనెవరికీ చెప్పను. మన విదేశాంగ శాఖ ఏం చెబుతోందో చూడకుండా టికెట్ కొనకండి. యాత్రికుల మీదే బతికిన అక్కడి గైడ్లు, కాఫీ కాచే ఆడవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారోనని బెంగగా ఉంటుంది. ఆ దారి మళ్లీ కుదుటపడితే నేను విమానం ఎక్కను, డెస్సీ బస్సుకే వెళ్తాను.