ముందు మండపం, తర్వాతే సంబంధం: బేస్‌బాల్ బయటి ఊరి మ్యాచ్‌లకు టీమ్‌లు ఎలా కుదురుతాయి?

[కెమెరా ఆన్. వెనక గోడకి అమెరికా మ్యాప్.]

అందరికీ నమస్కారం. ఈ వీడియో మా బావ కోసం చేస్తున్నాను. మీరూ చూడొచ్చు.

మా బావ న్యూజెర్సీలో ఉంటాడు. న్యూయార్క్ బేస్‌బాల్ టీమ్ యాంకీస్ టోపీ నెత్తి మీద లేకుండా ఆయన్ని చూసింది పెళ్ళిపీటల మీదే. మేజర్ లీగ్ వాళ్ళు, అంటే అమెరికా పెద్ద బేస్‌బాల్ లీగ్ వాళ్ళు, ఎక్కడైనా స్పెషల్ మ్యాచ్ ప్రకటించారంటే నాకు ఫోన్ వస్తుంది. "ఏంట్రా ఇది, కార్ల రేసు ట్రాక్ మీద మ్యాచ్ పెట్టి సిన్సినాటి రెడ్స్‌ని ఆడిస్తారా? చాంపియన్లని కదా పెట్టాలి! చీటీలు తీశారా ఏంటి?"

చీటీలు తియ్యలేదు బావా. నాలుగేళ్ళుగా చెప్తున్నా. ఈసారి కెమెరా పెట్టి చెప్తున్నా.

ఆట ఎలా ఆడతారో చెప్పను, ఈ చానల్‌కి వచ్చారంటే మీకు తెలిసే ఉంటుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఒక్కో టీమ్‌కి సీజన్‌లో 162 మ్యాచ్‌లు. అందులో సగం, అంటే 81, సొంత గ్రౌండ్‌లో. నేను చెప్పే స్పెషల్ మ్యాచ్‌లు, అంటే రెండు టీమ్‌లదీ కాని ఊళ్ళో పెట్టేవి, ఆ 162లోంచి తీసినవే. సరదా మ్యాచ్‌లు కావు, గెలుపోటములు లెక్కకి వస్తాయి. చిక్కంతా అక్కడే.

మన ఇళ్ళల్లో ముందు సంబంధం కుదురుతుంది, తర్వాత మండపం వెతుక్కుంటాం. ఇక్కడ తలకిందులు. ముందు మండపం బుక్ చేస్తారు. ఆ మండపానికి నప్పే పెళ్ళికూతురు ఎవరు, పెళ్ళికొడుకు ఎవరు అని తర్వాత వెతుకుతారు. మా బావకి ఎక్కని ముక్క ఇదే.

[స్క్రీన్ మీద: ఐయోవా రాష్ట్రం, డయర్స్‌విల్ చుట్టూ ఎర్ర గీత]

డయర్స్‌విల్. ఐయోవాలో చిన్న ఊరు, చుట్టూ మొక్కజొన్న చేలు. 1989లో వచ్చిన ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్ సినిమా అక్కడే తీశారు. ఒక రైతు చేనులో కొంత భాగం దున్నేసి బేస్‌బాల్ గ్రౌండ్ కడతాడు. చచ్చిపోయిన ఆటగాళ్ళు మొక్కజొన్నల్లోంచి నడుచుకుంటూ వస్తారు. అలా ముందుగా వచ్చేది షూలెస్ జో జాక్సన్. 1919 వరల్డ్ సిరీస్‌లో, అంటే లీగ్ ఫైనల్లో, డబ్బు తీసుకుని ఓడిపోయారని ఎనిమిది మంది షికాగో వైట్ సాక్స్ ఆటగాళ్ళని జీవితాంతం నిషేధించారు కదా, వాళ్ళలో ఒకడు.

2021 ఆగస్టు 12న అక్కడ నిజం మ్యాచ్ పెట్టారు. సినిమాలో గ్రౌండ్ చిన్నది, సరిపోదు. అందుకని పక్కనే కొత్తది కట్టారు, ఎనిమిది వేల మందికి. రెండింటికీ మధ్య మొక్కజొన్నల్లోంచే దారి. రైట్ ఫీల్డ్ గోడకి కిటికీలు పెట్టారు, వెనక చేను కనపడాలని. ఇది నాకు భలే నచ్చింది. ఆటగాళ్ళు తలకన్నా ఎత్తున్న మొక్కజొన్నల్ని పక్కకి తోసుకుంటూ గ్రౌండ్‌లోకి వచ్చారు. నేను టీవీ ముందు లేచి నిలబడ్డాను. మా ఆవిడ నవ్వింది. నవ్వనీ.

ఇప్పుడు చెప్పండి, ఈ మండపంలో పెళ్ళికూతురు ఎవరవ్వాలి? వైట్ సాక్స్ తప్ప ఇంకొకరు ఉన్నారా? ఎవరు బలమైన టీమ్, ఎవరు చాంపియన్ అన్న ప్రశ్నే రాలేదు. పైగా షికాగో నుంచి అక్కడికి 320 కిలోమీటర్లు, అంతే. పెళ్ళికొడుకు మా బావ యాంకీస్.

[ఆడపెళ్ళివారు, మగపెళ్ళివారు అని రాసిన రెండు అట్టలు చూపించాలి]

రెండో ముక్క. ఎవరి ఊరూ కాకపోయినా, కాయితం మీద ఒకళ్ళు హోమ్ టీమ్ అవ్వాల్సిందే. నేను వాళ్ళని ఆడపెళ్ళివారు అంటాను. అన్నవరంలో పెళ్ళి పెట్టుకున్నారు అనుకోండి, ఇద్దరిదీ ఆ ఊరు కాదు. అయినా మర్యాదలు ఎవరు చూడాలి? ఆడపెళ్ళివారే. భోజనాల్లో వాళ్ళు ఎప్పుడు కూర్చుంటారు? ఆఖరి బంతిలో. బేస్‌బాల్‌లోనూ అంతే. అతిథులు ముందు బ్యాటింగ్ చేస్తారు, హోమ్ టీమ్ ప్రతి ఇన్నింగ్స్‌లో రెండో సగంలో. ఆఖరి బంతి వాళ్ళది. రెండు అర్థాల్లోనూ.

ఆ రాత్రి డయర్స్‌విల్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో జడ్జ్ ఒకటి, స్టాంటన్ ఒకటి హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి యాంకీస్‌ని 8-7తో ముందుకి తెచ్చారు. మగపెళ్ళివారు మూతి తుడుచుకుని లేచారు. అప్పుడు ఆఖరి బంతిలో కూర్చున్న వైట్ సాక్స్ ఆటగాడు టిమ్ యాండర్సన్ బంతిని మొక్కజొన్నల్లోకి పంపాడు. 9-8. మా బావ ఆ వారం నాకు ఫోన్ చెయ్యలేదు.

కానీ ఆఖరి బంతికి ఖర్చుంది. హోమ్ టీమ్ అంటే ఆ 81లో ఒకటి వదులుకోవడం. టికెట్లు, పార్కింగ్, బీరు, హాట్‌డాగ్, ఒక సాయంత్రం రాబడి మొత్తం. ఆ లెక్క లీగ్‌తో తేల్చుకోవాలి. సొంత ఊళ్ళో సీజన్ టికెట్ కొన్నవాళ్ళ మొహం చూడాలి. అందుకే ఆడపెళ్ళివారు దొరకడం కష్టం, మగపెళ్ళివారు ఈజీ. 2019లో లండన్ మ్యాచ్‌లకి బోస్టన్ రెడ్ సాక్స్ హోమ్ టీమ్‌గా ఒప్పుకున్నారు, అదీ బద్ధశత్రువులు యాంకీస్‌తో ఆడే రెండు మ్యాచ్‌లు! నాకైతే మనసొప్పేది కాదు. లండన్‌లో దాదాపు 60 వేల మంది కూర్చున్నారనుకోండి, వాళ్ళ సొంత గ్రౌండ్ ఫెన్వే పార్క్‌లో అంతమంది పట్టరు.

(మన వైజాగ్ వాళ్ళకి ఇది తెలుసు. 2024లో ఢిల్లీ క్యాపిటల్స్ హోమ్ టీమ్ అని వచ్చింది. ధోనీ బ్యాటింగ్‌కి దిగేసరికి స్టేడియం అంతా పసుపు. కాయితం మీద హోమ్ వేరు, గ్యాలరీలో హోమ్ వేరు.)

మూడోది ముహూర్తం. ఎంత గొప్ప సంబంధమైనా ఇది కుదరకపోతే అంతే సంగతులు. అసలు ఈ డయర్స్‌విల్ మ్యాచ్ 2020 ఆగస్టులో జరగాలి. వైట్ సాక్స్, యాంకీస్ అని ముందు ఏడాదే శుభలేఖలు వేసేశారు. కరోనా వచ్చింది, సీజన్ 60 మ్యాచ్‌లకి కుదించారు, ప్రయాణాలు తగ్గించాలని ఒక్కో టీమ్ తన ప్రాంతం వాళ్ళతోనే ఆడాలన్నారు. యాంకీస్ తూర్పు వాళ్ళు, వైట్ సాక్స్ మధ్య ప్రాంతం వాళ్ళు. దాంతో ఆ ఏడాది ఇద్దరికీ ఒక్క మ్యాచ్ కూడా లేదు. వెంటనే పెళ్ళికొడుకుని మార్చేసి మధ్య ప్రాంతం వాళ్ళే అయిన సెయింట్ లూయిస్ కార్డినల్స్‌ని పెట్టారు. విన్నావా బావా? యాంకీస్‌ని తీసేశారు. డబ్బు, పేరు, అభిమానులు, ఏవీ క్యాలెండర్ ముందు నిలబడలేదు. చివరికి ఆ పెళ్ళీ ఆగిపోయింది, అది వేరే సంగతి.

2021లో మళ్ళీ కుదిరినప్పుడు ముహూర్తం ఎలా పెట్టారో చూడండి. గురువారం డయర్స్‌విల్‌లో మ్యాచ్. శుక్రవారం ఖాళీ. శని, ఆదివారాలు అదే రెండు టీమ్‌లు షికాగోలో. అంటే కొత్తగా మ్యాచ్ పుట్టించలేదు, ఎటూ ఉన్న మూడు మ్యాచ్‌ల సిరీస్‌లోంచి ఒకటి చేలోకి జరిపారు. సెలవు రోజులు, ప్రయాణాలు ఇవన్నీ ఆటగాళ్ళ సంఘంతో ఒప్పందంలో ఉంటాయి. ఆ పెద్దమనుషులు తలూపకపోతే తాళి కట్టేదే లేదు.

[స్క్రీన్ మీద: ఆరిజోనా]

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ముక్క. ఈ జంటలు చూడండి. 2012 టోక్యో: మారినర్స్, ఏస్. 2014 సిడ్నీ, అదీ మన సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లోనే: డాడ్జర్స్, డైమండ్‌బ్యాక్స్. 2019 టోక్యో: మళ్ళీ మారినర్స్, ఏస్. 2024 సోల్: డాడ్జర్స్, పాడ్రెస్. 2025 టోక్యో: డాడ్జర్స్, కబ్స్. వీళ్ళందరికీ ఉమ్మడి ఏంటి? మార్చిలో, సీజన్ ముందు, అందరి ప్రాక్టీస్ క్యాంపులూ ఆరిజోనాలోనే. సీజన్ మొదలవ్వకముందే పసిఫిక్ దాటి వెళ్ళి రావాలి. ఫ్లోరిడాలో క్యాంప్ వేసుకున్నవాళ్ళకి ఆ ప్రయాణం ఇంకా దూరం. విడిది దగ్గరుంటే పెళ్ళి తేలిక, అంతే. ఇదేదో రూల్ అనను, 2004లో ఫ్లోరిడా నుంచి యాంకీస్, డెవిల్ రేస్ కూడా టోక్యో వెళ్ళారు. ఎందుకెళ్ళారు? యాంకీస్‌లో జపాన్ ఆటగాడు హిదెకి మత్సుయి ఉన్నాడు కాబట్టి. ఊరి అల్లుడు ఉంటే దూరం ఎవరు చూస్తారు? 2019లో మారినర్స్‌కి ఇచిరో, టోక్యోలోనే ఆఖరి మ్యాచ్ ఆడి రిటైర్ అయ్యాడు. సోల్‌లో పాడ్రెస్‌కి కిమ్ హా-సంగ్. 2025లో అయితే రెండు వైపులా ఊరి అల్లుళ్ళే: ఒక వైపు ఒహ్తానీ, యమమోతో, ససాకీ, ఇంకో వైపు ఇమనగా, సుజుకీ.

అమ్మో, మెమరీ కార్డ్ నిండిపోతోంది. గబగబా చెప్పేస్తా.

అలబామాలోని బర్మింగ్‌హామ్, 2024 జూన్ 20, రిక్‌వుడ్ ఫీల్డ్. 1910లో కట్టిన గ్రౌండ్. మహా ఆటగాడు విల్లీ మేస్ కుర్రవాడిగా, నల్లజాతి ఆటగాళ్ళ టీమ్ బ్లాక్ బ్యారన్స్‌కి ఆడింది అక్కడే. తర్వాత మేజర్ లీగ్‌లో మేస్ అంటే జెయింట్స్ టీమ్, కాబట్టి జెయింట్స్ ఖాయం. మ్యాచ్‌కి రెండు రోజుల ముందు ఆయన పోయారు, 93 ఏళ్ళకి. కార్డినల్స్ 6-5తో గెలిచారు. దీని మీద వేరే వీడియో చేస్తాను, రెండు ముక్కల్లో చెప్పేది కాదు.

మెక్సికో సిటీ: 2023లో పాడ్రెస్, జెయింట్స్. 2024లో ఆస్ట్రోస్, రాకీస్. మ్యాప్ చూడండి, పడమర, దక్షిణం వాళ్ళే. లండన్‌కి ఇప్పటిదాకా వెళ్ళినవాళ్ళు తూర్పు, మధ్య ప్రాంతం వాళ్ళే. కారణం చెప్పక్కర్లేదు.

ఇక మా బావ రేస్ ట్రాక్. బ్రిస్టల్, టెనెసీ, 2025 ఆగస్టు. ఆ రాష్ట్రానికి సొంత మేజర్ లీగ్ టీమ్ లేదు. అటు అట్లాంటా, ఇటు సిన్సినాటి, రెండు ఊళ్ళ అభిమానులూ కారేసుకుని వచ్చేయొచ్చు. అందుకే బ్రేవ్స్, రెడ్స్. ఆడపెళ్ళివారు రెడ్స్. పాపం మొదటి ఇన్నింగ్స్‌లోనే వాన, మర్నాడు ముగించారు, బ్రేవ్స్ 4-2. అమ్ముడైన టికెట్లు 91,032. ఒక సీజన్ మ్యాచ్‌కి అత్యధిక జనం అని 1954 నుంచి నిలిచిన రికార్డు పోయింది. రెడ్స్‌ని ఎందుకు పెట్టారు అన్నావు కదా బావా, ఆ సీట్లు నింపింది నీ న్యూజెర్సీ వాళ్ళు కాదు.

యాంకీస్, డాడ్జర్స్‌ని అక్కడ పెట్టాలి అంటావు. సరే, చూద్దాం. వాళ్ళిద్దరికీ ఇప్పుడు ఏడాదికి ఒక్కటే సిరీస్, మూడు మ్యాచ్‌లు. యాంకీ స్టేడియంలో పడే ఏడాదే తీసుకుందాం. ఆ మూడింట్లో ఒకటి తీసి టెనెసీ పంపాలి. ఆ మూడింటికీ టికెట్లు కొనేది ఎవరు? ఏది వదులుకుంటావో చెప్పు, శుక్రవారందా, శనివారందా, ఆదివా

[కార్డ్ నిండింది. కట్.]