బయోమెడికల్ డిజైన్ కిట్ రివ్యూ: సెన్సర్ సూపర్, ఆ కార్డులు మాత్రం వద్దు

నమస్తే అండీ, నల్లగొండ నుంచి మళ్లీ నేనే. ముందే చెప్తున్నా, ఈ కిట్ కంపెనీవాళ్లు ఫ్రీగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. బయోమెడికల్ ఇంజనీరింగ్ పిల్లలకు ప్రొడక్ట్ డిజైన్, స్టార్టప్ పాఠాలు రెండూ ఒకే పెట్టెలో నేర్పిస్తామని అమ్ముతున్నారు. లోపల ఏమేం ఉన్నాయో అన్‌బాక్సింగ్ వీడియోల్లో చూసే ఉంటారు, ఆ లిస్టు నేను చదవను.

సెన్సర్ బోర్డు నాకు తెగ నచ్చింది. వేలి మీద లైటు వేసి నాడి, రక్తంలో ఆక్సిజన్ కొలిచే మాక్స్ 30102 చిప్పు, ఎర్ర లైటు 660 నానోమీటర్లు, ఇన్‌ఫ్రారెడ్ 880. వేలు మెల్లగా ఆనిస్తే స్క్రీన్ మీద నాడి అల చక్కగా వస్తుంది, అదే గట్టిగా అదిమితే వేలి కొసకు రక్తం సరిగా అందక అల చదునైపోతుంది. అది కళ్లారా చూశాక వేలికి పెట్టే క్లిప్పు స్ప్రింగు బిగువు కూడా డిజైనేనని పిల్లలకే తడుతుంది. ఇంతకుముందు నేను వాడిన కిట్‌లో సెన్సర్‌ను డబ్బాలో పెట్టి సీల్ చేసేశారు, నంబరు తప్ప ఏమీ కనబడదు, దాంతో ఏం నేర్పుతాం చెప్పండి.

ఇక నాకు చిర్రెత్తించినవి ఆ సమస్య కార్డులు. కార్డు తీస్తే సమస్య రాసి ఉంటుంది, దానికి పరికరం కనిపెట్టాలట. అన్నీ పేషెంటుకో గది, మంచానికో మానిటర్ ఉండే ఆస్పత్రుల ముచ్చట్లే. అరే, సమస్య వెతకడమే కదా ఇందులో సగం పని! వైద్య పరికరాలు ఎలా కనిపెట్టాలో అమెరికా స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నేర్పే బయోడిజైన్ పద్ధతిలోనూ అవసరాన్ని గుర్తించడమే మొదటి మెట్టు, కనిపెట్టడం ఆ తర్వాత. ఏదైనా సర్కారు దవాఖాన వార్డులో కాసేపు నిలబడండి, స్ప్రింగు వదులైన ఆక్సీమీటర్ క్లిప్పుకు సిస్టరమ్మ తెల్ల టేపు చుట్టి పేషెంటు వేలికి అంటించడం కనబడుతుంది. ఆ టేపు ముక్క చెప్పేది ఏ కార్డు చెప్తుంది?

మన ఊరి పేరు మీదే ఒక ఉదాహరణ ఉంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ సైంటిస్టులు తెచ్చిన నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, మడ్డి దిగాక పైనీళ్లు తీసుకోవాలి. కెమిస్ట్రీ పనిచేస్తుంది. కానీ నీళ్లను బట్టి పటిక మోతాదు మార్చాలి, రోజూ ఎవరో ఒకరు కలపాలి, ఆ మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఎవరు చేస్తారు, ఎవరి ఖర్చుతో? నేనైతే స్టార్టప్ క్లాసు ఇక్కడే మొదలుపెడతా. కిట్‌లోని బిజినెస్ చార్టులో మాత్రం కస్టమర్‌కు ఒక్కటే గడి! వాడేది నర్సు, కొనేది టెండరు మీద, బిల్లు కట్టేది ఆరోగ్యశ్రీ, ఒంటికి తగిలించుకునేది పేషెంటు, ఆ గడిలో ఎవర్ని రాయాలి? 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ గురించి ఒక్క ముక్క లేదు. రిస్కు తక్కువుండే ఏ, బీ క్లాసు పరికరాల తయారీకి లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది, రిస్కు ఎక్కువుండే సీ, డీ అయితే కేంద్రం, ఇది తెలియకుండా కంపెనీ ఏం పెడతారు?

కొనాలా అంటే, సెన్సర్ బోర్డు బయట విడిగా దొరుకుతుంది, అది కొనండి. మొత్తం పెట్టెకు కాలేజీ డబ్బు పెట్టే బదులు పిల్లల్ని బస్సెక్కించి హైదరాబాద్ రాయదుర్గంలో ప్రొడక్టుల నమూనాలు తయారుచేసుకునే టీ-వర్క్స్ చూపించండి. కార్డుల వెనక వైపు ఖాళీగా ఉంది కాబట్టి మా పిల్లలు వార్డులో చూసినవి దాని మీద రాసుకుంటున్నారు. కంపెనీవాళ్లు ఇది చూస్తుంటే, ఈసారి రెండు వైపులా ఖాళీవే పంపండి.