మధ్య పేజీలో తన ఫోటో

శ్రోతలకు నమస్కారం. ఈ పూట ఒక పత్రిక గురించి చెబుతాను. పెద్దవాళ్ల పత్రికే. పిల్లలు పక్కనుంటే రేడియో కాస్త తగ్గించండి, కట్టేయకండి మాత్రం.

1970లో అమెరికాలోని వాషింగ్టన్‌లో స్త్రీవాదులు ‘ఆఫ్ అవర్ బ్యాక్స్’ అనే పత్రిక పెట్టారు. ‘మా నెత్తి మీంచి దిగండి’ అన్నట్టు. అశ్లీల చిత్రాలంటే ఆ పత్రికకు గిట్టేది కాదు, అవి ఆడదాన్ని సరుకు చేస్తాయని. ఆ మాటలో నిజం లేదని నేననను. అయితే 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంకొందరు ఆడవాళ్లు ఆ పేరులో ఒక్క మాట మార్చి ‘ఆన్ అవర్ బ్యాక్స్’ మొదలుపెట్టారు. ‘వెల్లకిలా పడుకుని’ అని! పేరులోనే ఉంది కొంటెతనం. పెట్టినవాళ్లు డెబీ సండాల్, మర్నా ఎలానా. ఎడిటర్ సూసీ బ్రైట్. అప్పటిదాకా ఇద్దరాడవాళ్ల శృంగారం అంటే చాలావరకు మగవాళ్లు తీసి మగవాళ్లకు అమ్మిందే. ఇది లెస్బియన్లు లెస్బియన్ల కోసం వేసుకున్న పత్రిక.

అందులో నాకు బాగా నచ్చినది ఒకటుంది. ప్లేబాయ్ అనే మగవాళ్ల పత్రికలో అప్పట్లో ప్రతి నెలా మధ్య పేజీ విప్పితే ఒక అమ్మాయి ఉండేది కదా, ‘ఈ నెల సుందరి’ అని. హనీ లీ కాట్రెల్ అనే ఫోటోగ్రాఫర్ ఆ పేజీని వెక్కిరించాలనుకుంది. దానికి మోడల్‌ను వెతకలేదు. కెమెరా తనవైపే తిప్పుకుంది. అప్పుడామెకు 38 ఏళ్లు. ‘బుల్‌డాగర్ ఆఫ్ ద సీజన్’ అని పేరు పెట్టింది. బుల్‌డాగర్ అంటే మగరాయుడిలా ఉండే లెస్బియన్‌ను జనం తిట్టే తిట్టు. ఆ తిట్టునే బిరుదుగా తగిలించుకుని మధ్య పేజీలోకి వచ్చి నిలబడింది. తీసింది తనే, ఫోటోలో ఉన్నదీ తనే, చూపించాలనుకున్నదీ తనే.

మిగతా చరిత్ర వదిలేస్తున్నాను, టైము లేదు. పత్రిక 2006లో ఆగిపోయింది. ఆ తర్వాత పాత సంచికలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. అందరూ సంతోషించాలి కదా? టారా రాబర్ట్‌సన్ అనే కెనడా లైబ్రేరియన్ మాత్రం ఒక ప్రశ్న వేసింది. ఆ రోజుల్లో ఫోటో దిగినవాళ్లు ఒప్పుకున్నది చిన్న పత్రికకు, తమలాంటివాళ్లు కొనుక్కునే కాగితానికి. ఊరూ పేరూ కొడితే ప్రపంచమంతా చూసేదానికి ఎప్పుడు ఒప్పుకున్నారు? అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీకి వెళ్లి, అక్కడ దాచిన ఆ పత్రిక పాత ఒప్పంద పత్రాలు తిరగేసింది కూడా. 2016లో ఆ సంచికలను ఇంటర్నెట్ నుంచి తీసేశారు.

కాట్రెల్ చూపించాలనుకుని చూపించింది. అందరూ కాట్రెల్ కాదు. ఆమె కూడా చూపించింది ఆ పేజీలో, ఆ పాఠకులకు.

ఆ మధ్య మా తమ్ముడు మా పెద్దమ్మ పాత ఫోటో ఒకటి స్కాన్ చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. కాలేజీ నాటకంలో మీసాలతో, పంచెకట్టుతో మగవేషం. ముద్దొచ్చేలా ఉంది నిజానికి. పెద్దమ్మ రెండు రోజులు ఎవరి ఫోనూ ఎత్తలేదు. “ఆ ఫోటో నా స్నేహితురాళ్ల కోసంరా, మీ మామయ్యల కోసం కాదు” అంది చివరికి. ఇప్పుడు వాడు ముందే ఫోన్ చేసి, “పెద్దమ్మా, ఇది పెట్టనా?” అని అడుగుతున్నాడు. మూడింట్లో రెండు వద్దంటుంది.