నియాండర్తాల్ మనకు ఏమవుతాడు? (రేడియో ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం విషయం నియాండర్తాల్ మానవులు, అంటే ఎప్పుడో అంతరించిపోయిన ఒక పాతకాలపు మానవజాతి. మానవశాస్త్ర ఆచార్యులు మనతో ఉన్నారు. బల్ల మీద ఒక పుర్రె కూడా ఉంది. శ్రోతలు కంగారుపడనక్కరలేదు, అది ప్లాస్టర్ నమూనా. మేడమ్, ఫోన్లు కలిసేలోపు దీని గురించి ఒక్క మాట.

ఆచార్య: మాట ఎందుకు, చెయ్యి పెట్టి చూడండి. కళ్ల పైన. తగిలిందా? రెండు కళ్ల మీదా ఇంటి చూరులా వంగిన ఎముక. ఇప్పుడు వెనక్కి రండి.

వ్యాఖ్యాత: ఇక్కడేదో ఉబ్బెత్తుగా ఉంది.

ఆచార్య: ఆడవాళ్లు ముడి వేసుకున్న కొప్పులా లేదూ? ఇక కింది దవడ. ముందు మీ గడ్డం ముట్టుకోండి, తరువాత దీన్ని.

వ్యాఖ్యాత: దీనికి గడ్డం లేదు. లోపలికి జారిపోయింది.

ఆచార్య: అంతే. ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం మన జాతి గుర్తు. మెదడు మాత్రం వాళ్లకు మనకంటే తక్కువేమీ కాదు. ఈ పుర్రెలో 1,600 ఘన సెంటీమీటర్ల దాకా పట్టే చోటుంది.

వ్యాఖ్యాత: మొదటి ఫోను గుంటూరు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే మేడమ్, డిగ్రీ చదువుతున్నాను. మనం నియాండర్తాల్ నుంచి వచ్చినట్టేనా?

ఆచార్య: కాదమ్మా. వాళ్లు మన తాతలు కారు, పెదనాన్న పిల్లలు. 5 నుంచి 7 లక్షల ఏళ్ల క్రితం రెండు కొమ్మలూ విడిపోయాయి. వాళ్లు ఐరోపాలో, పశ్చిమ, మధ్య ఆసియాల్లో పెరిగారు, మనవాళ్లు ఆఫ్రికాలో. ఆ తరువాత మనవాళ్లు బయటకు వచ్చి వాళ్లను కలిశారు, పిల్లలను కన్నారు. ఆఫ్రికా బయటి మనుషులందరిలోనూ ఒకటి రెండు శాతం డీఎన్‌ఏ వాళ్లది. 2010లో జన్యుశాస్త్రవేత్త స్వాంటే పాబో బృందం నియాండర్తాల్ జన్యుపటాన్ని చదివి తేల్చిన సంగతి ఇది. ఆయనకు 2022లో నోబెల్ వచ్చింది. కోతి, వంగిన మనిషి, నిటారు మనిషి అని వరుసలో నిలబెట్టిన బొమ్మ ఉంటుందే, దాన్ని మరిచిపోండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. హన్మకొండ నుంచి మరో శ్రోత.

శ్రోత: నమస్కారమమ్మా. నేను సాంఘికశాస్త్రం మాస్టారును. రిటైరై పన్నెండేళ్లయింది. ఇప్పుడు మీరొక బొమ్మ అన్నారు కదా, ఆ బొమ్మను నేను ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద గీశాను. సుద్దముక్కను అడ్డంగా పట్టుకొని వీపు వంపు గీసేవాణ్ని. మోకాళ్లు కొంచెం వంచి, చేతులు వేలాడదీసి. పిల్లలు లేచి అట్లాగే నడిచి చూపించేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి కూడా బొమ్మ బాగుందన్నారు. ఆ రోజు వాన...

వ్యాఖ్యాత: మాస్టారూ, ప్రశ్న.

శ్రోత: వస్తున్నాను బాబూ. అయితే మేము పిల్లలకు తప్పు చెప్పినట్టా?

ఆచార్య: బొమ్మ తప్పే మాస్టారూ. ఆ తప్పు ఎక్కడ పుట్టిందో చెబుతాను. ఈ బల్ల మీది పుర్రె అసలు దొరికింది 1908లో, ఫ్రాన్స్‌లో లా షపెల్ దగ్గర. దాదాపు పూర్తి అస్థిపంజరం. మార్సెలిన్ బూల్ అనే పెద్ద శాస్త్రవేత్త దాన్ని పరిశీలించి, ఈ మనిషి నిటారుగా నిలబడలేడు, కాళ్లీడ్చుకుంటూ నడిచేవాడని రాశారు. ఆ అస్థిపంజరం కీళ్లవాతం ముదిరిన ఒక పెద్దవాడిది. వెన్నుపూసలు అరిగాయి, తుంటి దెబ్బతింది. దానికి తోడు, వీళ్లు మనకంటే తక్కువవాళ్లన్న ఊహ బూల్ మనసులో ముందే ఉంది. 1957లో మళ్లీ చూసినవాళ్లు ఇతను మనలాగే నిలబడేవాడన్నారు. నేను విద్యార్థులకు రోజూ చెప్పేది ఇదే, ఒక్క ఎముకను చూసి జాతి మొత్తానికి తీర్పు చెప్పకండి.

శ్రోత: ఒక రోగిని చూసి ఊరంతా కుంటిదన్నట్టు.

ఆచార్య: సరిగ్గా అన్నారు.

శ్రోత: మా నాయనమ్మ కూడా అట్లాగే వంగి నడిచేది. పళ్లు లేవు. ఆకూ వక్కా చిన్న రోట్లో దంచి ఇచ్చేవాణ్ని. ఈయనకు పళ్లున్నాయా అమ్మా?

ఆచార్య: చాలామటుకు రాలిపోయాయి. దవడలో పళ్ల గుంతలు ఎముకతో పూడుకుపోయాయి కాబట్టి పళ్లు పోయాక కూడా చాలాకాలం బతికాడని తెలుస్తుంది. ఎవరో నమిలి పెట్టారని కథలు రాశారు. అంత దూరం వెళ్లలేం, కొన్ని పళ్లు మిగిలాయి. మీకు మీ నాయనమ్మలాంటి మనిషే కావాలంటే ఇరాక్‌లోని షానిదార్ గుహకు రండి. పురావస్తు శాస్త్రవేత్త రాల్ఫ్ సోలెకీ బృందం 1957లో ఒకతన్ని తవ్వి తీసింది. ఎడమ కంటి గూడు నలిగిపోయింది, ఆ కన్ను కనిపించి ఉండదు. కుడి చెయ్యి ఎండిపోయింది, మోచేతి కింద లేదు. కాలు కుంటి. చెవి దారిలో ఎముక పెరిగి వినికిడీ దెబ్బతింది. ఆ గాయాలన్నీ మానాయి. మానిన తరువాత ఏళ్ల తరబడి బతికి, నలభై దాటాక పోయాడు. మంచుయుగంలో, వేట మీద బతికేవాళ్ల మధ్య.

శ్రోత: ఎవరో చూసుకున్నారన్నమాట.

ఆచార్య: ఆ మాట అనడానికి నాకు అభ్యంతరం లేదు.

శ్రోత: (కొంతసేపు మౌనం) అయితే అమ్మా, మేము తప్పు చెప్పినట్టేనా?

వ్యాఖ్యాత: మాస్టారూ, వేరే శ్రోతలు...

ఆచార్య: ఉండండి, చెప్పనివ్వండి. మాస్టారూ, 1856లో జర్మనీలో, నియాండర్ లోయలో సున్నపురాయి తవ్వే కూలీలు కొన్ని ఎముకలు బయటకు విసిరేశారు. ఎలుగుబంటివి అనుకున్నారు. అవి మనిషివేనని, చాలా పాతకాలపు మనిషివని గుర్తుపట్టింది యోహాన్ ఫుల్‌రోట్. ఆయన బడిలో మాస్టారు. ఆ తరువాత జర్మనీలోనే పేరుమోసిన వైద్యుడు రుడాల్ఫ్ ఫిర్కో చూసి, రోగంతో వంకరపోయిన ఈకాలపు ఎముకలన్నారు. పెద్ద డాక్టరు పొరబడ్డారు, బడిపంతులు సరిగ్గా చెప్పారు. మీరు పుస్తకంలో ఉన్నది చెప్పారు. ఇప్పుడు బొమ్మ మార్చి గీయండి, అంతే.

శ్రోత: సంతోషమమ్మా. సుద్దముక్కలు ఇంకా ఉన్నాయి ఇంట్లో.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు మాస్టారూ. హైదరాబాద్ నుంచి మరొకరు.

శ్రోత: మేడమ్, నేను ఉమ్మి నమూనా పంపి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నాను. నియాండర్తాల్ భాగం రెండు శాతం అని వచ్చింది. నా కోపానికి కారణం అదేనని మా ఆవిడ అంటోంది.

ఆచార్య: ఆ రెండు శాతం మీ ఆవిడకూ ఉంటుందని చెప్పండి. జన్యువును జాతకంలా చదవకండి.

శ్రోత: కోవిడ్‌కీ దీనికీ సంబంధం ఉందని విన్నాను.

ఆచార్య: అది నిజం. మూడో క్రోమోజోములో ఒక ముక్క నియాండర్తాల్ నుంచి వచ్చింది. అది ఉన్నవాళ్లకు కోవిడ్ ముదిరే ప్రమాదం ఎక్కువని 2020లో తేలింది. ఐరోపాలో ఇది వందలో 16 మందికి ఉంటే, మన దక్షిణాసియాలో దాదాపు సగం మందికి ఉంది. భయపడకండి. పన్నెండో క్రోమోజోములో వాళ్లదే ఇంకో ముక్క ఉంది, అది కాస్త కాపాడుతుంది. వయసు, ఇతర జబ్బులు చాలా ముఖ్యం. మళ్లీ చెబుతున్నాను, జాతకం కాదు.

వ్యాఖ్యాత: కాకినాడ నుంచి ఆరో తరగతి పాప.

శ్రోత: ఆంటీ, వాళ్లు మాట్లాడేవారా?

ఆచార్య: మాట్లాడి ఉంటారనే నేననుకుంటాను తల్లీ. నాలుక అడుగున గుర్రపునాడా ఆకారంలో చిన్న ఎముక ఉంటుంది. ఇజ్రాయెల్‌లో, కెబారా గుహలో ఒక నియాండర్తాల్‌ది దొరికింది. అచ్చం నీదానిలాగే ఉంది.

శ్రోత: ఏ భాష?

ఆచార్య: (నవ్వు) మాటలు ఎముకల్లో మిగలవమ్మా.

వ్యాఖ్యాత: సమయం దగ్గరపడింది. నంద్యాల నుంచి, క్లుప్తంగా చెప్పండి.

శ్రోత: మా జ్వాలాపురంలో బూడిద కింద రాతి పనిముట్లు దొరికాయి కదా మేడమ్, అవి నియాండర్తాల్‌వేనా?

ఆచార్య: ఆ బూడిద సుమత్రాలోని టోబా అగ్నిపర్వతానిది, 74,000 ఏళ్ల నాటిది. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాగ్లియాల బృందం 2007లో ఈ సంగతి ప్రకటించింది. బూడిదకు కిందా పైనా కూడా పనిముట్లు ఒకే తీరున ఉన్నాయి. కానీ రాయి మీద చేసినవాడి పేరు ఉండదు. ఎముక దొరకాలి. మన దేశంలో నియాండర్తాల్ ఎముక ఇంతవరకు దొరకలేదు. నర్మదా తీరంలో 1982లో దొరికిన పుర్రె ఉంది, అది ఏ జాతి మనిషిదని పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. ఒక్క ఎముకతో...

వ్యాఖ్యాత: తీర్పు చెప్పకూడదు. ధన్యవాదాలు మేడమ్. ఇంకొక్క ఫోను, అరనిమిషం. హలో?

శ్రోత: బాబూ, హన్మకొండ నుంచి.

వ్యాఖ్యాత: మాస్టారూ!

శ్రోత: మనవరాలి పలక మీద గీస్తున్నాను. నిటారుగానే నిలబెట్టాను, వెనక కొప్పు కూడా పెట్టాను. గడ్డం సంగతే మరిచిపోయాను. పెట్టాలా, వద్దా?

ఆచార్య: వెంట్రుకలు మీ ఇష్టం మాస్టారూ. ఎముక మాత్రం పెట్టకండి.

వ్యాఖ్యాత: వార్తల వేళయింది. నమస్కారం.