ఫ్యాను ఆపి చూడండి సామీ

(తిరుపతి. సాయంత్రం ఫోన్-ఇన్. అంశం: ఇంట్లో కూర్చుని చేసే పాడ్‌కాస్ట్, అంటే నెట్‌లో వినే కార్యక్రమం; బ్లాగు)

యాంకర్: తిరుచానూరు నుంచి ఒకాయన చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండి సామీ.

శ్రోత: నమస్తే అమ్మా. నేను పాత వాల్వ్ రేడియోలు బాగుచేస్తా ఉంటాను. యాపారం కాదులే, పిచ్చి. ఆ పిచ్చి మీదనే ఒక యాప్‌లో పన్నెండు ఎపిసోడ్లు పెట్టినా. పోయిన నెల ఆ యాప్ మూసేసినారు. పన్నెండూ పాయె.

సలహాదారు: అసలు ఫైళ్లు మీ దగ్గర ఉన్నాయా అన్నా?

శ్రోత: నాలుగుండాయి. మిగతావి ఫోన్లో చోటు చాల్లేదని తీసేసినా.

సలహాదారు: అయ్యో! ఒట్టి మాటలే కదా, మోనోలో 64 కేబీపీఎస్ ఎంపీ3 చేస్తే అరగంటకి 15 ఎంబీ కూడా కాదు. పన్నెండూ కలిపి 200 ఎంబీ లోపు. మన ఫోన్లలో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలు అంతకంటే ఎక్కువ తింటాయి. ఇకమీదట ఒక పెన్‌డ్రైవ్ దీనికే పెట్టుకోండి.

శ్రోత: అట్నే. మళ్లా ఏ యాప్‌లో పెట్టమంటారు?

సలహాదారు: అక్కడే మనవాళ్లు పొరపడేది. పాడ్‌కాస్ట్ అంటే యాప్ కాదన్నా. ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అని ఒక చిన్న ఫైలుంటుంది. ఎపిసోడ్ పేరేంటి, ఆడియో ఏ అడ్రసులో ఉంది, ఇంతే అందులో రాసుండేది. ఆడియోని ఫీడ్‌కి తగిలించే ఏర్పాటు 2000 చివర్లోనే డేవ్ వైనర్ అనే అమెరికా సాఫ్ట్‌వేర్ ఆయన చేశాడు. పాడ్‌కాస్టింగ్ అనే పేరైతే 2004లో గానీ పుట్టలేదు. యాప్ ఆ ఫీడ్ చదివి జనానికి వినిపిస్తుంది, అంతవరకే దాని పని. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడింది కదా, దాంతో ఎవరి ఎపిసోడ్లూ మాయం కాలేదు. ఫైళ్లు ఉన్నది వేరే చోట. మీవి మాత్రం ఆ యాప్‌లోనే ఉండిపోయినట్టున్నాయి. జనం ఇంకో యాప్‌కి పోయి వింటున్నారు.

శ్రోత: అంటే యాప్ అంగడి మాదిరి, ఫీడ్ నా ఇంటి డోర్ నంబరు మాదిరి.

సలహాదారు: బాగా చెప్పారు. ఆ డోర్ నంబరు మీ పేరు మీద ఉండాలి. సొంత డొమైన్, అంటే నెట్‌లో మీ పేరున ఒక అడ్రసు, కొనుక్కోండి. హోస్టింగ్, అంటే ఫైళ్లు నెట్‌లో పెట్టుకునే చోటు, ఎవరి దగ్గర తీసుకున్నా ముందు ఒక్కటే అడగండి: రేపు నేను వెళ్లిపోతే నా పాత ఫీడ్‌ని కొత్త అడ్రసుకి మళ్లిస్తారా? మళ్లించం అన్నారంటే ఎంత ఉచితమైనా వద్దు. ఆఁ, ఇంకోటి. మీరు వాట్సాప్‌లో పంపిన క్లిప్ విన్నాను. రికార్డ్ చేసేటప్పుడు ఫ్యాను తిరుగుతా ఉందా?

శ్రోత: తిరక్కుంటే ఎట్ల? మే నెలలో మన ఊరి ఎండ మీకు తెలీదా!

సలహాదారు: తెలుసు. పది నిమిషాలు ఓర్చుకోండి. బీరువా తలుపులు తెరిచి, బట్టల వైపు తిరిగి కూర్చోండి. గోడ నుంచి వచ్చే ప్రతిధ్వని చీరలు మింగేస్తాయి. ఫోను నోటికి ఎదురుగా వద్దు, జానెడు దూరంలో కాస్త పక్కకి పట్టుకోండి. 'ప', 'భ' అన్నప్పుడు గాలి దెబ్బ తగలదు. ఇప్పుడే చేసి మళ్లీ ఫోన్ చెయ్యండి.

యాంకర్: ఈలోపు చిత్తూరు నుంచి ఒక అక్క. చెప్పండక్కా.

శ్రోత: నాది వంటల పాడ్‌కాస్ట్ మేడమ్. సంగటి, ఊరిబిండి, అట్లాంటివి. మొదట్లో అన్నమయ్య కీర్తన క్యాసెట్ నుంచి కొంచెం వేస్తాను. ఐదొందల ఏళ్ల నాటి పాట, దానికి హక్కులేముంటాయి?

సలహాదారు: సాహిత్యానికి లేవక్కా. అన్నమయ్య 1503లో పోయాడు. కానీ రాగిరేకుల మీద దొరికింది సాహిత్యం, రాగం పేరు. ఇప్పుడు మనం పాడుకునే బాణీలు చాలావరకు నిన్నమొన్నటి పెద్దలు కట్టినవి. అలా బాణీలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో పోయారు. బాణీ కట్టినాయన పోయాక ఇంకో 60 ఏళ్లు హక్కు నడుస్తుంది, మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం. క్యాసెట్‌లో రికార్డింగుకి వేరే హక్కు, అది విడుదలైన దగ్గర్నుంచి 60 ఏళ్లు.

శ్రోత: అమ్మో, ఒక్క పాటకి మూడు లెక్కలా!

సలహాదారు: ఆ లెక్కలన్నీ మీకెందుకు? తిరగమాత చిటపటలు వెయ్యండి. వంటల కార్యక్రమానికి అంతకంటే మంచి సంగీతమేముంది?

యాంకర్: యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఒక అమ్మాయి. త్వరగా చెప్పమ్మా.

శ్రోత: నెట్ న్యూట్రాలిటీ మీద, అంటే నెట్‌లో అన్ని సైట్లనీ ఒకేలా చూడాలనే దాని మీద, తెలుగులో బ్లాగు రాస్తున్నా సార్. కేసులు పెడతారని మా నాన్న భయపడతా ఉన్నాడు. పైగా ఈ గొడవ ఎవరికి పట్టిందే అంటున్నాడు.

సలహాదారు: నాన్నగారికి ఇందాకటి రేడియో ఆయన్ని చూపించమ్మా. ఒక కంపెనీ సైట్లకి డేటా ఉచితం, మిగతావాటికి డబ్బులు అంటే ఆయన ఎపిసోడ్ ఎవరు వింటారు? అలాంటి తేడా రేట్లు కుదరవని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న నిబంధన పెట్టింది. ఇక కేసులంటావా, నెట్‌లో రాతలకి అరెస్టు చేసే వీలిచ్చిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. పరువు నష్టం చట్టం మాత్రం ఉంది. కాబట్టి విధానాన్ని ఎంతైనా తిట్టు, మనిషిని దొంగ అనే ముందు కాగితం చేతిలో ఉందా చూసుకో. నెట్ న్యూట్రాలిటీకి తెలుగు మాట కోసం వారం రోజులు కూర్చోవద్దు, అదే మాట రాసెయ్.

యాంకర్: తిరుచానూరు సామి మళ్లీ వచ్చారు! ఎలా ఉంది?

శ్రోత: చెమటకి చొక్కా తడిసిపోయిందమ్మా. కానీ ఒకటి చెప్పల్ల. ఫ్యాను ఆపినాక రేడియో ఆన్ చేస్తే సన్నంగా 'మ్‌మ్' అని హమ్ రికార్డయింది. లోపల కరెంటుని సాఫీ చేసే ఫిల్టర్ కండెన్సర్ పోతే వచ్చే మోత అది. పన్నెండు ఎపిసోడ్లు దాన్ని నోటితో వర్ణించి చెప్పినా, ఒక్కసారీ వినిపించలేకపోయినా. ఇదిగో, ఫోను రేడియో దగ్గర పెడతా ఉండా. వినపడతా ఉందా?

సలహాదారు: లేదన్నా. అది 100 హెర్ట్జ్ మోత, బాగా కింది స్వరం. మామూలు ఫోన్ లైన్లో 300 హెర్ట్జ్ కిందివి రావు.

శ్రోత: అట్లయితే పదమూడో ఎపిసోడ్‌లో వినండి. ఫ్యాను వేసుకుంటా ఇంక.