పిలిస్తేనే గడప దాటే ప్రేమ: ఈ స్వీడిష్ వ్యాంపైర్ సినిమా మనసులోంచి ఎందుకు పోదు?

[నల్లటి తెర. మంచు మీద అడుగుల చప్పుడు. తలుపు తట్టిన శబ్దం.]

గుమ్మం బయట ఎలి, చిన్నపిల్లలా కనిపించే రక్తపిశాచి. లోపల ఆస్కర్, పక్కింటి అబ్బాయి. లోపలికి రమ్మని నోటితో చెప్పమంటుంది ఎలి. ఆస్కర్ చెప్పడు. చేత్తో సైగ చేస్తాడు, ఇక్కడేమైనా అడ్డు ఉందా అన్నట్టు ఉడికిస్తాడు. ఎలి అతని వంక చూసి, పిలుపు లేకుండానే గడప దాటుతుంది. కాసేపు ఏమీ జరగదు. ఆ తర్వాత ఒంటి మీంచి, కళ్లలోంచి, చెవుల్లోంచి నెత్తురు కారడం మొదలవుతుంది. ఆస్కర్ హడలిపోయి ఆమెను వాటేసుకుని, రావచ్చు అని అరుస్తాడు.

పిలవని ఇంట్లోకి రక్తపిశాచి రాలేదన్న నియమం పాతదే. 1897 నాటి డ్రాకులా నవలలోనూ ఉంది. ఆ నియమాన్ని మీరితే పిశాచి ఒంటికి ఏమవుతుందో ఈ సినిమా కళ్లకు కట్టింది. అంతకంటే ముఖ్యం, దాన్ని ప్రేమకు పరీక్షగా మార్చింది. ఎలి తన ప్రాణాన్ని ఆ అబ్బాయి నోటిమాట మీద పెట్టింది. భయం, ప్రేమ రెండూ ఆ గడప మీదే నిలబడ్డాయి. ఈ సినిమా పట్టు అంతా అక్కడే ఉంది.

[టైటిల్ కార్డు: లోట్ డెన్ రెట్టె కొమ్మ ఇన్, 2008]

ఇంగ్లీషులో 'లెట్ ది రైట్ వన్ ఇన్' అన్న పేరుతో ప్రపంచానికి తెలిసిన సినిమా ఇది. దర్శకుడు టోమస్ ఆల్ఫ్రెడ్సన్. 2004లో నవల రాసిన యోన్ అయ్‌విదె లిండ్‌క్విస్టే స్క్రీన్‌ప్లే కూడా రాశారు. నిడివి రెండు గంటలకు కాస్త తక్కువ. ముందే చెబుతున్నాం, ఈ వీడియోలో ముగింపు దాకా అన్నీ మాట్లాడతాం. చూడనివాళ్లు సినిమా చూసి వస్తే మంచిది.

ముందు ఆ పేరు సంగతి. స్వీడిష్‌లో 'రెట్టె' అన్న మాట చివర ఉన్న 'ఎ' పురుషుణ్ణి సూచిస్తుంది. ఇంగ్లీషులో ఆ తేడా కనిపించదు. తెలుగులో తేలిగ్గా పలుకుతుంది: 'సరైనవాణ్ణి లోపలికి రానివ్వు'. పైగా స్వీడిష్‌లో 'డెన్ రెట్టె' అంటే అమ్మాయి మనసుకు తగినవాడు అని వాడుక. ఒక్క పేరులో పెళ్లీడు మాట, పిశాచి నియమం రెండూ ఇమిడిపోయాయి. ఇంకొక సంగతి కూడా ఉంది. తాను అమ్మాయిని కాకపోతే అప్పుడు కూడా ఇష్టపడతావా అని ఎలి ఆస్కర్‌ను అడుగుతుంది. సినిమా ఆ ప్రశ్నను క్షణం పాటు కనిపించే ఒక్క షాట్‌లో తేల్చేస్తుంది, రెప్ప వేస్తే తప్పిపోతుంది. నవలలో ఎలి అసలు పేరు ఎలియాస్, అది అబ్బాయి పేరు. ఈ వీడియోలో మేం 'ఆమె' అనే అంటున్నాం, ఆస్కర్ కళ్లకు మొదట కనిపించింది అలాగే కాబట్టి.

[చలికాలం రాత్రి. అపార్ట్‌మెంట్ల మధ్య ఖాళీ స్థలం.]

కథ నడిచేది 1980ల మొదట్లో, స్టాక్‌హోమ్ శివారు బ్లాకెబెర్గ్‌లో. కోటలు లేవు, శవపేటికలు లేవు. ఒకే మూసలో కట్టిన ఇళ్లు, మెట్లు, నేలమాళిగ, పిల్లలు ఎక్కి ఆడుకునే ఇనుప చట్రం. షూటింగ్‌లో ఎక్కువ భాగం మాత్రం ఉత్తరాన లూలెయోలో జరిగింది. కావలసినంత మంచు, చలి అక్కడ ఖాయం. ఆ చలి కథకు పనికొస్తుంది. ఆస్కర్ ముక్కు ఎర్రబడి, నోట్లోంచి ఆవిరి వస్తుంటే, ఎలి పల్చటి బట్టల్లో కోటు లేకుండా నిలబడుతుంది. ఆమె మనిషి కాదన్న మాట ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ ఇనుప చట్రం గురించి ఒక మాట. సినిమా వెడల్పాటి స్కోప్ ఫ్రేమ్‌లో తీశారు. మామూలు ఆటచట్రం నిలువుగా ఉంటుంది, ఆ ఫ్రేమ్‌లో పెడితే పైభాగం తెగిపోతుంది. అందుకని ఫ్రేమ్‌కు సరిపడేలా ప్రత్యేకంగా చట్రం కట్టించారు. ఇద్దరు పిల్లలూ తెరకు చెరో వైపు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ ఒక్కో రాత్రి ఎలా తగ్గుతూ వస్తుందో గమనించండి. ప్రేమకథ సగం అక్కడే నడిచిపోతుంది, మాటల్లేకుండా.

మాటలున్నచోట కూడా అవి చాలా పొదుపు. వయసెంత అని ఎలి అడిగితే, ఆస్కర్ 12 ఏళ్ల 8 నెలల 9 రోజులు అని లెక్కగా చెబుతాడు. పెద్దవాణ్ణయిపోవాలన్న తొందర అది. ఎలి జవాబు, సుమారు 12. ఆ 'సుమారు'లో ఎన్నేళ్లు ఉన్నాయో సినిమా చెప్పదు. పుట్టినరోజు కూడా ఆమెకు తెలియదు. ఆస్కర్ తన రూబిక్స్ క్యూబ్ ఆమెకిస్తాడు. అది సరిగ్గా పేర్చి తిరిగి ఆ చట్రం దగ్గర కనిపిస్తుంది. బడిలో రోజూ దెబ్బలు తినే పిల్లాడికి ఎవరో తన వస్తువును జాగ్రత్తగా చూసుకున్నారు. ప్రేమ పుట్టడానికి అంతకంటే ఏం కావాలి?

[రెండు ఫ్రేములు పక్కపక్కన: ఎడమ వైపు వంతెన కింద దాడి, దూరంగా. కుడి వైపు ఆస్కర్ ముఖం, దగ్గరగా.]

ఈ సినిమా పనితనంలో అసలు కీలకం ఇది: హింసకు దూరపు షాట్, ప్రేమకు క్లోజప్. చాలా హారర్ సినిమాలు దీన్ని తలకిందులుగా చేస్తాయి. కోరలు, గాయం, చిమ్మే నెత్తురు తెర నిండా చూపిస్తే ప్రేక్షకుడు ఆ మేకప్ ఎలా చేశారో చూడటం మొదలుపెడతాడు, భయం జారిపోతుంది. ఇక్కడ వంతెన కింద ఎలి ఒక మనిషి మీద పడుతుంటే కెమెరా చాలా దూరంలో, కదలకుండా ఉంటుంది. ఏం జరుగుతోందో పోల్చుకోవడానికి మనమే కళ్లు చిట్లించి చూడాలి. ఎలితో ఉంటూ ఆమె కోసం నెత్తురు తెచ్చే హోకన్ అడవిలో ఒకణ్ణి తలకిందులుగా వేలాడదీసి, గరాటు పెట్టి ప్లాస్టిక్ డబ్బాలోకి నెత్తురు పడుతుంటే, ఒక తెల్లటి కుక్క వచ్చి కూర్చుంటుంది. అతని పని చెడేది ఆ కుక్క వల్లే. భయానకమైన పనిని రోజువారీ చాకిరీలా చూపించడం వల్ల ఆ దృశ్యం ఇంకా కలవరపెడుతుంది.

వెలుతురు కూడా అంతే పట్టి చేశారు. ఛాయాగ్రాహకుడు హోయ్తె వాన్ హోయ్తెమా, దర్శకుడు కలిసి ఒక పద్ధతి కనిపెట్టి దానికి 'స్ప్రే లైట్' అని పేరు పెట్టుకున్నారు. మందకొడి కరెంటు వెలుగును డబ్బాలో నింపి ఇంటినిండా చల్లితే ఎలా ఉంటుందో అలా. గాఢమైన నీడలుండవు, పిశాచి దాక్కోవడానికి చీకటి మూల ఉండదు. అయినా భయం వేస్తుంది.

ఎలి గొంతు విని ఉలిక్కిపడ్డారా? తెర మీద నటించింది లీనా లెయాండెర్సన్. గొంతు ఆమెది కాదు, ఎలిఫ్ జైలాన్ అనే మరో అమ్మాయిది. పాత్రకు ఇంకాస్త బొంగురు గొంతు కావాలని డబ్బింగ్ చెప్పించారు. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది కావడంతో, ఫలానా అని చెప్పలేని తేడా ఒకటి మన చెవికి తగులుతుంది. అందుకే ఈ సినిమాను వేరే భాషలోకి డబ్ చేసిన ట్రాక్‌తో చూడొద్దని గట్టిగా చెబుతాం. ఆ గొంతు పోతే పాత్రలో సగం పోతుంది.

సబ్‌టైటిల్స్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2009లో అమెరికాలో వచ్చిన డిస్కులో, థియేటర్‌లో వేసిన సబ్‌టైటిల్స్ తీసేసి మరీ పలచబరిచినవి పెట్టారు. మాటల్లోని తడబాటు, చిన్న చమత్కారం, పిల్లల బెరుకు ఎగిరిపోయాయి. అభిమానులు గొడవ చేశాక తర్వాతి ముద్రణల్లో పాతవి తిరిగి ఇచ్చారు. పాత డిస్కు కొనేవాళ్లు అట్ట వెనక సబ్‌టైటిల్స్ వరుసలో 'థియేట్రికల్' అన్న మాట ఉందో లేదో చూడాలి. చూసేటప్పుడు గదిలో లైట్లు ఆపి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఊపిరి చప్పుడు, మంచు నలిగే చప్పుడు, కడుపులో గుర్రుమనే చప్పుడు చాలా దగ్గరగా రికార్డు చేశారు. ఫోన్ స్పీకర్‌లో అవేమీ వినపడవు.

[నీలి నీళ్లు. శబ్దమంతా మూగబోతుంది.]

ఈత కొలను దృశ్యం. మూడు నిమిషాలు ఊపిరి బిగబట్టు, లేదంటే కన్ను పొడిచేస్తానని బెదిరించి ఆస్కర్ తలను నీళ్లలో ముంచుతాడు ఒక పెద్ద కుర్రాడు. కెమెరా ఆస్కర్‌తో పాటు నీళ్ల కిందే ఉండిపోతుంది. పైన ఏం జరుగుతోందో చూపించదు. ఎవరివో కాళ్లు నీళ్ల మీదుగా ఈడ్చుకుపోతాయి, ఒక తల మునుగుతుంది, ఆస్కర్ జుట్టు పట్టుకున్న చెయ్యి తెగి కిందికి జారుతుంది. ఆస్కర్ పైకి వస్తాడు. ఎలి కళ్లు కనిపిస్తాయి, ఆస్కర్ నవ్వుతాడు. ఆ నవ్వు చూసి మనకూ ఊరట కలుగుతుంది. ఆ గట్టు మీద పిల్లల శవాలున్నాయని గుర్తొచ్చేలోపే ఊరట వచ్చేసింది. ఇంత నిక్కచ్చిగా ప్రేక్షకుణ్ణి తన పక్షాన నిలబెట్టుకున్న ప్రేమకథలు చాలా తక్కువ.

హోకన్ ఎవరు? నవలలో అతని గతం వేరు, చాలా చీకటిది. సినిమా దాన్ని పూర్తిగా వదిలేసింది. అందుకే చాలామంది ఒకప్పుడు అతనూ ఆస్కర్‌లాంటి పిల్లాడేనా అని అడుగుతారు. అలా చూస్తే ఎలిది ప్రేమ కాదు, తర్వాతి సేవకుడి కోసం వెతుకులాట. మా దృష్టిలో సినిమా అలా తేల్చి చెప్పదు. గడప దాటి నెత్తురోడిన ఆ క్షణం నటన అయి ఉండదని నమ్ముతాం. ఇలా రెండు రకాలుగానూ చూడనిచ్చింది కాబట్టే జనం దీన్ని మళ్లీ చూస్తారు.

[రైలు కిటికీ. పగటి వెలుగు. సీటు పక్కన పెద్ద పెట్టె.]

చివర్లో ఆస్కర్ రైల్లో వెళ్తుంటాడు, పక్కన పెట్టెలో ఎలి. గోడకు అటూ ఇటూ ఉండి మాట్లాడుకోవడానికి నేర్చుకున్న మోర్స్ కోడ్‌లోనే లోపలినుంచి తడుతుంది. పి: చుక్క, గీత, గీత, చుక్క. యు: చుక్క, చుక్క, గీత. ఎస్: మూడు చుక్కలు. మళ్లీ ఎస్: మూడు చుక్కలు. స్వీడిష్‌లో 'పుస్స్', చిన్న ముద్దు. ఆస్కర్ పెట్టె మీద తిరిగి తడతాడు.

[రైలు చప్పుడు. తెర నల్లబడుతుంది.]